వాల్వును ఎవరు తెరుస్తారు?

హార్మోనియం వెనక తిత్తిని పూర్తిగా తెరిచి లోపలికి చూస్తే చెక్కకు రంధ్రాలు, వాటిని కప్పుతూ పల్చటి తోలు రేకులు కనిపిస్తాయి. తిత్తిని లాగినప్పుడు ఆ రేకులు లోపలివైపు లేచి గాలిని రానిస్తాయి. నొక్కగానే అదే గాలి వాటిని తోసి రంధ్రాలకు అంటించేస్తుంది. వచ్చిన దారి మూసుకుపోయింది కాబట్టి గాలి ఇంకో రేకును తోసుకుని లోపలి తిత్తిలోకి పోతుంది. ఈ రేకులకు తీగ లేదు, మీట లేదు, వాయించేవారి వేళ్లతో సంబంధం లేదు. అదే పెట్టె పైభాగంలో ప్రతి మెట్టు కిందా ఇంకో రకం మూత ఉంటుంది. దాన్ని ఒక స్ప్రింగు తీగ రంధ్రం మీద అదిమిపెట్టి ఉంచుతుంది. వేలితో మెట్టు నొక్కితేనే అది లేస్తుంది. అప్పుడు గాలి ఇత్తడి రీడును కదిలిస్తుంది, స్వరం పలుకుతుంది. పద్యనాటకంలో రాగం అందుకునే నటుడి వెనక ఈ రెండు రకాల మూతలూ కలిసి పనిచేస్తుంటాయి.

రెండూ వాల్వులే. మొదటిదాన్ని ప్రవాహమే తెరుస్తుంది, ప్రవాహమే మూస్తుంది. రెండోదాన్ని బయటి నుంచి ఎవరో తెరవాలి, ఎవరో మూయాలి. హార్డ్‌వేర్ షాపులో అడిగితే గేట్ వాల్వు, బాల్ వాల్వు, బటర్‌ఫ్లై వాల్వు అని చాలా పేర్లు చెబుతారు. అవన్నీ ఆకారాన్ని బట్టి వచ్చిన పేర్లు. ఆకారం కంటే ముందు తెలుసుకోవాల్సింది ఆ వాల్వు ఎవరి మాట వింటుంది అన్నది. అది తెలిస్తే బావి మోటారు, గుండె, ట్రంపెట్, అణు రియాక్టర్ అన్నీ ఒకే పాఠంలో ఇమిడిపోతాయి. ఇంకో సంగతి కూడా ముందే చెప్పుకోవాలి. వాల్వు దేన్నీ తోయదు. తోసే పని పంపుది, కండరానిది, ఊపిరిది. వాల్వు చేసేదల్లా ఆ తోపుకు దారి ఇవ్వడం, లేదా ఇవ్వకపోవడం.

మొదటి రకాన్ని పొలంలో చూద్దాం. బావి గట్టు మీద మోటారు ఉంటే, నీళ్లలో మునిగిన పైపు చివర ఫుట్ వాల్వు ఉంటుంది. మోటారు తిరుగుతున్నప్పుడు నీళ్లు పైకి వస్తూ దాని మూతను లేపుతాయి. మోటారు ఆగగానే పైపులోని నీటి బరువే మూతను కిందికి నొక్కి మూసేస్తుంది. పైపు నిండుగా ఉండిపోతుంది, మర్నాడు స్విచ్ వేయగానే నీళ్లు పడతాయి. ఆ మూత అంచున చిన్న రాయి ఇరుక్కున్నా, వాషర్ అరిగినా రాత్రికి రాత్రే నీళ్లు బావిలోకి దిగిపోతాయి. పైపులో గాలి చేరితే మోటారు ఎంత తిరిగినా లాభం లేదు, బిందెలతో నీళ్లు పోసి పైపు నింపాల్సిందే. ఇలాంటప్పుడు చాలామంది మోటారును తిడతారు. నిజానికి నీళ్లను పైకి తెచ్చేది మోటారు ‘గుంజుడు’ కాదు, బావి నీటి మీద గాలి మోపే ఒత్తిడి. మోటారు పైపులో ఒత్తిడి తగ్గిస్తుంది, గాలి నీటిని పైకి నెడుతుంది. అందుకే ఎంత గొప్ప మోటారైనా 10.3 మీటర్ల లోతుకు మించి గట్టు మీద నుంచి నీళ్లు లాగలేదు. వాస్తవంలో అంత కూడా రాదు. అంతకంటే లోతుగా ఉంటే మోటారునే నీళ్లలోకి దింపాలి.

ఊళ్లో చేతితో కొట్టే బోరింగు ఇంకా బాగా అర్థమవుతుంది. భూమి లోపల సిలిండర్లో రెండు వాల్వులుంటాయి. ఒకటి అడుగున కదలకుండా ఉంటుంది, ఇంకోటి పిస్టన్‌తోపాటు పైకీ కిందికీ కదులుతుంది. పిస్టన్ పైకి లేచినప్పుడు దాని వాల్వు మూసుకుని, పైనున్న నీటిని మోసుకొస్తుంది. అదే సమయంలో అడుగు వాల్వు తెరుచుకుని కొత్త నీరు లోపలికి వస్తుంది. పిస్టన్ దిగేటప్పుడు అడుగుది మూతపడుతుంది, పిస్టన్‌ది తెరుచుకుంటుంది. ఎప్పుడూ ఒకటి తెరిచి, ఒకటి మూసి. ఒక గది, రెండు తలుపులు, రెండూ ఒకే దిక్కుకు తెరుచుకునేవి. గుండెలో ఒక్కో జఠరిక, అంటే కింది గది, నిర్మాణం కూడా ఇంతే.

ఈ పోలికను మనుషులు ఎప్పుడో గమనించారు. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో టెసిబియస్ అనే ఇంజినీర్ ఉండేవాడు. సిలిండర్, పిస్టన్, వాల్వులతో నీటిని తోసే పంపును తయారుచేసిన ఘనత ఆయనకే ఇస్తారు. నీటి ఒత్తిడితో గాలిని నిలకడగా పంపి వాయించే ఆర్గన్ వాద్యం కూడా ఆయనదే. అదే శతాబ్దంలో, అదే నగరంతో ముడిపడిన వైద్యుడు ఎరసిస్ట్రాటస్ గుండె వాల్వులను వర్ణించాడు, అవి ఒకే దిశలో దారి ఇస్తాయని చెప్పాడు. యంత్రం, వాద్యం, శరీరం మూడింటిలోనూ వాల్వును ఒక్క శతాబ్దం పట్టుకుంది. అయినా ఎరసిస్ట్రాటస్ ఒక పెద్ద విషయం చూడలేకపోయాడు. ధమనుల్లో పారేది రక్తం కాదు, ఒక రకమైన గాలి అని ఆయన నమ్మకం. వాల్వు దిశ కళ్లముందే ఉంది, అది చెబుతున్న మాట అర్థం కావడానికి ఇంకో 1,900 ఏళ్లు పట్టింది.

ఆ మాట విన్నవాడు ఇంగ్లండ్ వైద్యుడు విలియం హార్వీ. ఇటలీలోని పాడువాలో ఆయనకు చదువు చెప్పిన ఫాబ్రీషియస్ 1603లో సిరల్లోని వాల్వుల మీద ఒక పుస్తకం అచ్చువేశాడు. బొమ్మలు చక్కగా గీశాడు, ఎక్కడెక్కడ ఉంటాయో చూపాడు. కానీ రక్తం కాలేయంలో పుట్టి సిరల ద్వారా చేతులకూ కాళ్లకూ పోతుందని ఆనాటి నమ్మకం. అందుకని ఆ వాల్వులు రక్తం జోరుగా కిందికి దిగిపోకుండా కాస్త నెమ్మదింపజేస్తాయని ఆయన అనుకున్నాడు. హార్వీ ఆ వాల్వులు ఏ దిక్కుకు తెరుచుకుంటున్నాయో చూశాడు. అన్నీ గుండె వైపుకే. అంటే సిరల్లో రక్తం చేతులకూ కాళ్లకూ పోవడం లేదు, గుండెకు తిరిగి వస్తోంది. పైగా లెక్క వేశాడు: ఒక్కో దెబ్బకు గుండె ఎంత కొద్ది రక్తం పంపుతుందనుకున్నా, అరగంటలో అది ఒంట్లో ఉన్న రక్తాన్ని మించిపోతుంది. అంత రక్తం అన్నం నుంచి కొత్తగా పుట్టే వీల్లేదు. ఉన్నదే తిరిగి తిరిగి వస్తుండాలి. 1628లో ఆ సంగతి ప్రకటించాడు. రక్తప్రసరణ ఆలోచనకు దారి చూపింది సిరల వాల్వులేనని హార్వీ తనతో అన్నట్టు రాబర్ట్ బాయిల్ తర్వాత రాశాడు. ఇప్పటి లెక్కలో పెద్దవాళ్ల గుండె విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి సుమారు 5 లీటర్లు పంపుతుంది, ఒంట్లో ఉన్న మొత్తం రక్తం కూడా దాదాపు అంతే.

హార్వీ చూపిన పరీక్ష ఎవరైనా చేసుకోవచ్చు. చెయ్యి కాసేపు కిందికి వేలాడదీస్తే ముంజేతి మీద సిర ఉబ్బుతుంది. మణికట్టు వైపున ఒక వేలితో దాన్ని నొక్కిపట్టి, ఇంకో వేలితో అక్కడి నుంచి మోచేతి వైపుకు నిమరాలి. మధ్యలో సిర చదునైపోతుంది. పై వేలు తీసేసినా, దారిలో వాల్వు ఉంటే, పైనున్న రక్తం వెనక్కి వచ్చి ఆ ఖాళీని నింపదు. కింది వేలు తీశాకే నిండుతుంది. నాకు సైన్సు చరిత్రలో ఇంతకంటే ఇష్టమైన పరీక్ష లేదు. ఏ పరికరమూ అక్కర్లేదు, రెండు వేళ్లు చాలు.

గుండెలో నాలుగు వాల్వులు. బడిలో కవాటాలు అని చదువుకున్నవి ఇవే. పై గదులైన కర్ణికలకూ కింది గదులైన జఠరికలకూ మధ్య రెండు, జఠరికల నుంచి బయటికి వెళ్లే దారుల్లో రెండు. వీటిని గుండె కండరం లాగి తెరుస్తుందని చాలామంది అనుకుంటారు. కాదు. ఇవి హార్మోనియం తిత్తిలోని తోలు రేకుల జాతికి చెందినవి. అటు ఒత్తిడి ఎక్కువైతే తెరుచుకుంటాయి, ఇటు ఎక్కువైతే మూతపడతాయి. కర్ణిక, జఠరికల మధ్య వాల్వులకు కింది నుంచి సన్నటి తంతులు కట్టి ఉంటాయి, ఆ తంతుల మొదట చిన్న కండరాలుంటాయి. అవి వాల్వును మూయడానికి కాదు. జఠరిక బిగుసుకున్నప్పుడు రేకులు అటువైపుకు తిరగబడిపోకుండా పట్టి ఉంచడానికి. స్టెతస్కోపులో వినిపించే ‘లబ్–డబ్’ వాల్వులు మూతపడే వేళ పుట్టేదే. కర్ణికల వైపువి మూతపడితే లబ్, ధమనుల వైపువి మూతపడితే డబ్. రోజుకు సుమారు లక్షసార్లు, ఎవరూ ఆజ్ఞ ఇవ్వకుండా.

పుట్టకముందు మన గుండెలో ఇంకో వాల్వు కూడా ఉంటుంది. గర్భంలో శిశువు ఊపిరితిత్తులు గాలి పీల్చవు, కాబట్టి చాలా రక్తం వాటి దగ్గరికి పోకుండా కుడి కర్ణిక నుంచి ఎడమ కర్ణికలోకి ఒక చిన్న తలుపు గుండా నేరుగా దాటుతుంది. పుట్టాక మొదటిసారి ఊపిరి పీల్చగానే ఊపిరితిత్తులు విచ్చుకుంటాయి, అక్కడి నుంచి రక్తం ఎడమ కర్ణికకు ధారాళంగా వస్తుంది, అటువైపు ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడే తలుపును మూసేస్తుంది. తర్వాత అది మెల్లగా అతుక్కుపోతుంది. నలుగురిలో సుమారు ఒకరికి పూర్తిగా అతుక్కోకుండా మిగిలిపోతుంది, వాళ్లలో ఎక్కువమందికి ఆ సంగతి జీవితాంతం తెలియను కూడా తెలియదు.

శరీరంలో రెండో రకం వాల్వులు కూడా ఉన్నాయి. అన్నవాహిక అడుగున, కడుపు చివర, మూత్రాశయం కింద ఉండే కండర వలయాలు. నరాలు చెబితే బిగుస్తాయి, చెబితే వదులవుతాయి. అన్నవాహిక అడుగున ఉన్నది వేళకాని వేళ వదులైతే కడుపులోని ఆమ్లం పైకి వస్తుంది. మనం ఎసిడిటీ అని చెప్పుకునే గుండెల్లో మంట చాలాసార్లు ఇదే.

మొదటి రకం వాల్వు చెడిపోయే తీరు ఎక్కడైనా రెండే: పూర్తిగా తెరుచుకోకపోవడం, పూర్తిగా మూసుకోకపోవడం. ఎక్కువసేపు నిలబడి పనిచేసేవాళ్ల కాళ్ల సిరల్లో వాల్వులు సరిగా మూసుకోకపోతే రక్తం కిందే నిలిచి సిరలు వంకరలు తిరిగి ఉబ్బుతాయి. గోదావరి జిల్లాల వాళ్లకు బాగా తెలిసిన బోదకాలు కూడా చాలావరకు వాల్వుల జబ్బే. దోమ ద్వారా వచ్చిన ఫైలేరియా పురుగులు, ఒంట్లో మిగిలిన ద్రవాన్ని తిరిగి రక్తంలోకి చేర్చే శోషరస నాళాల్లో కాపురం పెడతాయి. నాళాలు సాగిపోతాయి, లోపలి వాల్వుల అంచులు ఒకదానికొకటి అందవు, పైకి పోవాల్సిన ద్రవం కాలిలోనే నిలిచిపోతుంది. పురుగు చచ్చినా సాగిన నాళం మళ్లీ దగ్గరపడదు. పంచిన మాత్రలను జబ్బు లేనివాళ్లు కూడా మింగాలని చెప్పడానికి ఇదొక కారణం.

గుండె వాల్వుల విషయంలో మన దేశానికి పాత బాధ రుమాటిక్ జ్వరం. చిన్నప్పుడు వచ్చిన ఒక రకం గొంతు ఇన్‌ఫెక్షన్‌కు వైద్యం అందకపోతే, ఒంటి రక్షణ వ్యవస్థ పొరపాటున గుండె వాల్వుల మీద కూడా దాడి చేస్తుంది. ఏళ్ల తర్వాత రేకులు మందమై, అంచులు అతుక్కుని, దారి ఇరుకవుతుంది. మెట్లెక్కితే ఆయాసం. కొందరికి బెలూన్‌తో ఆ అతుకులు విడదీస్తారు, కొందరికి వాల్వునే మార్చాలి.

మార్చడం మొదలైన కథలో ఇంజినీర్ల పాత్ర పెద్దది. 1960లో అమెరికాలో సర్జన్ ఆల్బర్ట్ స్టార్, ఇంజినీర్ లోవెల్ ఎడ్వర్డ్స్ కలిసి చేసిన వాల్వు చూడటానికి సహజమైన వాల్వులా ఉండదు: లోహపు పంజరంలో ఒక బంతి. రక్తం తోస్తే బంతి లేస్తుంది, వెనక్కి వస్తే కూర్చుంటుంది. మన దేశంలో తిరువనంతపురంలోని శ్రీచిత్ర తిరునాళ్ సంస్థలో డాక్టర్ ఎం.ఎస్. వలియతాన్ బృందం స్వదేశీ వాల్వు కోసం ఏళ్ల తరబడి శ్రమించింది. ముందు నమూనాలు ఒకదాని తర్వాత ఒకటి విఫలమయ్యాయి. ఒక దశలో నీలమణి స్ఫటికంతో కూడా బిళ్ల చేసి చూశారు. చివరికి నిలిచింది గట్టి మిశ్రమలోహపు చట్రం, అందులో ఒరిగే ప్లాస్టిక్ బిళ్ల. 1990 డిసెంబరులో దాన్ని మొదటిసారి మనిషికి అమర్చారు. విదేశీ వాల్వు కొనలేని కుటుంబాలకు అది అందుబాటు ధరలో దొరికింది. దాన్ని తయారుచేసి అమ్మింది టీటీకే గ్రూపు, ప్రెస్టీజ్ కుక్కర్ల గ్రూపే. లోహపు వాల్వు ఎంత గట్టిదైనా రక్తానికి అది పరాయి వస్తువే, దాని మీద గడ్డ కట్టే ప్రమాదముంది. అందుకే ఆ వాల్వు పెట్టించుకున్నవాళ్లు జీవితాంతం రక్తం పల్చబరిచే మాత్ర వేసుకుంటూ, రక్తం ఎంత త్వరగా గడ్డకడుతుందో చూసే ఐఎన్‌ఆర్ పరీక్ష తరచూ చేయించుకుంటారు.

కుక్కర్ అనుకున్నాం కాబట్టి, దాని వెయిట్ కూడా మొదటి రకమే. లెక్క చాలా తేలిక. కింది రంధ్రం అడ్డుకొలత 3 మిల్లీమీటర్లు అనుకుంటే, బయటి గాలి కంటే చదరపు సెంటీమీటరుకు 1 కిలో ఎక్కువ ఒత్తిడి చేరేసరికి ఆవిరి దాన్ని సుమారు 70 గ్రాముల బలంతో తోస్తుంది. 70 గ్రాముల వెయిట్ పెడితే సరిగ్గా అక్కడ లేస్తుంది. ఆ ఒత్తిడి దగ్గర నీరు మరిగేది 120 డిగ్రీల సెల్సియస్‌కు, పప్పు త్వరగా ఉడకడానికి కారణం అది. ఫ్రెంచి శాస్త్రవేత్త డెనిస్ పాపిన్ 1679లో ఇలాంటి పాత్ర చేసి, అది పేలకుండా బరువుతో పనిచేసే సేఫ్టీ వాల్వు అమర్చాడు. ఆవిరి యంత్రాల కాలమంతా ఆ ఆలోచన మీదే బతికింది. అయితే సేఫ్టీ వాల్వు పాత్రను కాపాడుతుంది, బయట ఉన్నవాళ్లను కాపాడుతుందన్న హామీ లేదు. 1984 డిసెంబరు 2 అర్ధరాత్రి భోపాల్‌లోని యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీలో విష రసాయనం నిల్వ ఉన్న 610వ నంబరు ట్యాంకు రిలీఫ్ వాల్వు (ఒత్తిడిని బయటికి వదిలేది) తన పని చేసింది, తెరుచుకుంది. దాని తర్వాత ఉండాల్సిన రక్షణలే లేవు. వాయువును మండించాల్సిన టవర్ పైపు మరమ్మతు కోసం విప్పి ఉంది, శుద్ధి చేయాల్సిన స్క్రబ్బర్ దాన్ని ఆపలేకపోయింది.

ఇక ఆజ్ఞ ప్రకారం నడిచే వాల్వులు. సంగీతంలో వీటి కథే నాకు అన్నిటికంటే ఆసక్తి. ఒక ఇత్తడి గొట్టాన్ని ఊదితే ఏ స్వరమైనా రాదు. గొట్టం పొడవును బట్టి కొన్ని మెట్లే పలుకుతాయి. పోలీసు బ్యూగుల్‌లో అవే కొన్ని స్వరాలు తిరిగి తిరిగి వినిపించడం అందుకే. కింది స్థాయిలో ఆ మెట్ల మధ్య పెద్ద ఖాళీ స నుంచి ప వరకు. మధ్యలో ఆరు స్వరస్థానాలు లేవు. వాటిని తేవాలంటే గొట్టం పొడవు మార్చాలి. 1818లో ప్రష్యాలో స్టోల్జెల్, బ్లూమెల్ అనే ఇద్దరు వాద్యకారులు దీనికి పేటెంటు తీసుకున్నారు: నొక్కితే గాలిని పక్కనున్న అదనపు గొట్టం గుండా తిప్పి పంపే వాల్వు. ఇప్పటి ట్రంపెట్‌లో కనిపించే రకాన్ని 1839లో పారిస్‌లో పెరినే తెచ్చాడు. గమనించండి, ఈ వాల్వు గాలిని ఎప్పుడూ ఆపదు. దారి మళ్లిస్తుంది, అంతే.

మధ్య వాల్వు స్వరాన్ని అర మెట్టు, అంటే ఒక స్వరస్థానం, దించుతుంది, మొదటిది రెండు అరమెట్లు, మూడోది మూడు. కలిపి నొక్కితే ఆరు దాకా దిగుతాయి. సరిగ్గా స, ప మధ్య ఖాళీకి సరిపోయేంత. మూడు వాల్వులే ఎందుకు అన్నదానికి జవాబు ఇది. కానీ ఈ అమరికలో తీరని లోపం ఒకటుంది. ట్రంపెట్ గొట్టం సుమారు 148 సెంటీమీటర్లు. మూడు వాల్వుల అదనపు గొట్టాలు వరసగా 18, 9, 28 సెంటీమీటర్ల దాకా ఉంటాయి, మొత్తం 55. కానీ ఆరు అరమెట్లు దించాలంటే 61 కావాలి. గొట్టం పెరిగే కొద్దీ ఒక్కో అరమెట్టుకు కావాల్సిన పొడవు కూడా పెరుగుతుంది, వాల్వుల గొట్టాలేమో మారవు. అందుకే మూడూ నొక్కితే స్వరం శ్రుతి కంటే పైన పలుకుతుంది. మంచి వాద్యకారుడు మూడో వాల్వు ఉంగరంలో వేలుపెట్టి ఆ గొట్టాన్ని కాస్త బయటికి జరిపి శ్రుతి సరిచేసుకుంటాడు. పెళ్లి ఊరేగింపులో బ్యాండు మేళం వాళ్లు నడుస్తూ, ఆ చప్పుళ్ల మధ్య, చెవితోనే ఈ లెక్క సరిచూసుకుంటూ వాయిస్తారు. దానికి దక్కాల్సినంత గౌరవం దక్కడం లేదని నా అభిప్రాయం.

ఇంజిన్‌లోనూ ఇదే తేడా. యమహా ఆర్ఎక్స్ 100 లాంటి టూ స్ట్రోక్ బండిలో పెట్రోలు, గాలి మిశ్రమం లోపలికి వచ్చే దారిలో ఉండే రీడ్ వాల్వు పల్చటి రేకు. ఒత్తిడిని బట్టి అదే తెరుచుకుంటుంది. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌లో వాల్వులను కామ్‌షాఫ్ట్ (కామ్‌లు అనే ఉబ్బెత్తులున్న, తిరిగే కడ్డీ) తెరుస్తుంది, స్ప్రింగు మూస్తుంది. రెండు చుట్లకు ఒకసారి చొప్పున, ఇంజిన్ నిమిషానికి 6,000 చుట్లు తిరుగుతుంటే ఒక్కో వాల్వు సెకనుకు 50 సార్లు తెరుచుకోవాలి. వేగం మితిమీరితే స్ప్రింగు ఆ జోరును అందుకోలేదు. డుకాటీ కంపెనీ మూయడాన్ని కూడా స్ప్రింగుకు వదలకుండా ఇంకో కామ్‌కు అప్పగించింది.

పాత వాల్వు రేడియోలోని గాజు బుడ్లు కూడా ఈ వంశానివే, పారేది కరెంటు. 1904లో జాన్ ఫ్లెమింగ్ చేసినది కరెంటును ఒకే దిక్కుకు పోనిచ్చింది. రెండేళ్లకు లీ డి ఫారెస్ట్ మధ్యలో ఇంకో లోహపు తీగ పెట్టాడు. చిన్న సంకేతం ఇచ్చే ఆజ్ఞకు పెద్ద కరెంటు కదిలింది. రేడియో, టెలిఫోన్, సినిమా శబ్దం అందులోంచే పెరిగాయి.

ఆజ్ఞతో నడిచే వాల్వుకు మాత్రం మొదటి రకానికి లేని ఒక ప్రశ్న ఉంది: చెప్పింది చేసిందా? 1979 మార్చి 28 తెల్లవారుజామున అమెరికాలోని పెన్సిల్వేనియాలో త్రీ మైల్ ఐలాండ్ అణు కేంద్రంలో నీటి పంపులు ఆగిపోయాయి. రియాక్టర్‌లో ఒత్తిడి పెరిగింది, రిలీఫ్ వాల్వు తెరుచుకుంది. ఒత్తిడి తగ్గాక మూసుకోవాలని దానికి సంకేతం వెళ్లింది. కంట్రోల్ రూమ్‌లో దీపం ఆరింది. ఆపరేటర్లు వాల్వు మూసుకుందనుకున్నారు. ఆ దీపం చూపింది సంకేతం సంగతి మాత్రమే. వాల్వు తెరుచుకునే ఇరుక్కుపోయింది. రెండు గంటలకు పైగా రియాక్టర్‌ను చల్లబరచాల్సిన నీరు ఆ దారిన బయటికి పోతూనే ఉంది. ఎవరో అనుమానించి వెనకున్న ఇంకో వాల్వును మూసేసరికి నష్టం జరిగిపోయింది. ఇంధన భాగంలో దాదాపు సగం కరిగింది. ఆ తర్వాత అమెరికా అణు నియంత్రణ సంస్థ కొత్త నిబంధన పెట్టింది: రిలీఫ్ వాల్వుకు పంపిన సంకేతాన్ని చూపితే చాలదు, అది నిజంగా ఏ స్థితిలో ఉందో కంట్రోల్ రూమ్‌లో నేరుగా కనిపించాలి.